రాణిగారి గొంతు

ఆమె పోయిన సంగతి మా పాత ఓనరు ఫోన్లో చెప్పాడు. అది చెప్పడానికి చేసిన ఫోను కాదు. స్టూడియో ఎత్తేసి ఆ గదుల్ని ఫొటో ఫ్రేముల వాళ్లకి అద్దెకిస్తున్నాడట. అటక మీద నా పాత వైర్లేవో ఉన్నాయి, వచ్చి తీసుకుపొమ్మన్నాడు. ఫోను పెట్టేయబోతూ, "అన్నట్టు మన రాణిగారు పోయిందంట. పర్చూరులో, కూతురి దగ్గర" అన్నాడు.

"ఎట్టా పోయింది?"

"ఊపిరాడక అంట. సరే, ఆదివారం లోపు రా మరి."

రాణిగారు అన్నది ఆమె పేరు కాదు. నాటకాల్లో రాణి వేషాలు వేసేది. మిగతా రోజుల్లో గుంటూరులో ఒక మిర్చి కొట్టు వెనక రేకుల షెడ్డులో కూర్చుని మిరపకాయలకి ముచ్చికలు, అంటే తొడిమలు తీసేది. ఆ రెండు పనులకీ ఉన్న దూరం చూసి నవ్వుకోవడానికి జనం పెట్టుకున్న పేరది. అసలు పేరు నాకు తెలుసు. రాయడం లేదు. రాయొద్దని అడగాల్సినవాళ్లు అడిగారు.

నాటకం పోస్టర్లలో కూడా ఆ పేరు పెద్దగా పడింది లేదు. రాజు వేషం వేసే షావుకారు పేరు పోస్టరులో సగం తినేసేది. కింద మిగిలిన సందులో హార్మోనిస్టు పేరు, ఆ తర్వాత "తదితరులు". "ఆ తదితరుల్లో నేనెక్కడున్నానో వెతికి చెప్పబ్బాయ్" అనేది నాతో. నవ్వుతూ అనేది కాదు.

ఆమెను మొదట చూసింది మా ప్రత్తిపాడులో, పౌరాణిక నాటకం వేసినప్పుడు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. స్టేజీ మధ్యలో మైకు ఒకటే వేలాడుతుండేది. షావుకారు దాని కింద నుంచి కదిలేవాడు కాదు. రాగం అందుకుంటే జనం ఈల వేసేదాకా వదిలేవాడు కాదు. ఆమె మాత్రం ఓ పక్కగా, మైకుకి అందీ అందనంత దూరంలో నిలబడి పాడేది. ఆశ్చర్యమేమిటంటే, ఆమె గొంతు తగ్గించేకొద్దీ జనం మాటలు ఆపేవాళ్లు. బీడీ వెలిగించబోయిన వాడు అగ్గిపెట్టె చేతిలోనే ఉంచుకునేవాడు. మా అమ్మ ఇంటికొచ్చాక అంది, "ఆ మనిషి ఏడ్చినట్టు పాడదురా. ఏడుపు ఆపుకుంటున్నట్టు పాడుద్ది."

ఆ నాటకంలో ఇంకొకటి గమనించాను. రాణి కన్నీళ్లు తుడుచుకోవాల్సిన చోట వేళ్లతో తుడుచుకోలేదు. చెయ్యి మడిచి, మోచేతి దగ్గర కళ్లు ఒత్తుకుంది. ముందు వరసలో ఎవరో నవ్వారు కూడా, రాణి అట్లా తుడుచుకుంటుందా అని. తర్వాత ఆమెతో పరిచయమయ్యాక తెలిసింది. ముచ్చికలు తీసే చేతుల్లో మిరప కారం ఎన్నిసార్లు కడిగినా పోదు. ఆ వేళ్లు కళ్ల దగ్గరికి రాకూడదు. షెడ్డులో నేర్చుకున్న ఆ అలవాటు కిరీటం పెట్టుకున్నా పోలేదు.

చదువయ్యాక కంప్యూటరు కోర్సు ఒకటి చేసి, గుంటూరులో ఆ స్టూడియోలో చేరాను. క్యాసెట్ల కాలం పోయి సీడీలు వచ్చిన రోజులు. స్టూడియో అంటే ఒక డాబా మీద రెండు గదులు. లోపలి గది గోడలకి జిన్నింగు మిల్లు నుంచి తెచ్చిన దూది చెత్త కూరి, పైన గోనెపట్టాలు కొట్టారు. రికార్డింగు జరిగేటప్పుడు ఫ్యాను ఆపేవాళ్లం. పది నిమిషాలకి మనిషి తడిసిపోయేవాడు. భక్తిపాటలు, ఎన్నికల పాటలు, ఎరువుల కంపెనీ ప్రచారాలు, ఏది వస్తే అది చేసేవాళ్లం.

షావుకారుకి తన నాటకం సీడీగా తేవాలని బుద్ధి పుట్టింది. ఆయన మిర్చి కమిషన్ వ్యాపారి. ఆమె ముచ్చికలు తీసే షెడ్డు ఆయనదే. నాటకంలో భార్య, కొట్లో కూలి. ఇద్దరూ కలిసి పాడాల్సిన చోట్లు చాలా ఉన్నా, పక్కపక్కన నిలబడి పాడడానికి ఆయన ఒప్పుకోలేదు. "ఆమె దగ్గితే నా టేకు పోద్ది" అన్నాడు. అందుకని ఆయన పొద్దున పూట వచ్చేవాడు, ఆమె కొట్టు మూసి ఉండే ఆదివారం మధ్యాహ్నాలు వచ్చేది. విడివిడిగా పట్టిన ముక్కల్ని కలపడం నా పని.

ఆమె మెట్లెక్కుతుంటేనే తెలిసేది. ముందు కారం ఘాటు వచ్చేది, మా ఓనరు తుమ్మేవాడు. "మీ కంటే ముందు మీ ఘాటే వచ్చుద్దమ్మా" అనేవాడు.

"ఊరంతా అమ్ముకు తినేది ఆ ఘాటేగా. మీకే పడలేదా?" అనేది.

మంచి మాట చెప్పినా ఊరుకునే మనిషి కాదు. మొదటి రోజు పద్యం పాడి బయటికి రాగానే, "ఎంత బాగా పాడారమ్మా" అన్నాను. మొహం చిట్లించింది. "బాగుందని నాకు తెలుసు. పట్టిందా లేదా, అది చెప్పు" అంది. మంచినీళ్లు ఇస్తే తాగేముందు ఆ చల్లటి స్టీలు గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని కాసేపు కూర్చునేది. వేళ్ల మంట అలా చల్లార్చుకునేది. టీలో పంచదార ఎక్కువైతే గ్లాసు అక్కడే వదిలేసేది. తోటి నటీమణుల్లో ఒక్కరి గురించి కూడా మంచి చెప్పగా నేను వినలేదు. ఒకావిడ పద్యం పాడుతుంటే బర్రెని తోలినట్టుంటుందనేది. ఇంకొకావిడ రాణి వేషంలో చంక గోక్కుంటుందని చేసి చూపించేది. ఆ చూపించడం చూసి మా ఓనరు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

కంప్యూటరు అంటే ఆమెకి భయమూ లేదు, భక్తీ లేదు. నా వెనక నిలబడి తెర వంక చూసేది. గొంతు అక్కడ బొమ్మలా కనిపిస్తుంది కదా, గట్లు, పల్లాలు. "ఇది నేనా?" అని అడిగింది. అవునన్నాను. "షావుకారుది చూపించు." చూపించాను. ఆయన ముక్కలో గట్లు పైదాకా నిండి ఉన్నాయి. ఆమె ముక్క సన్నగా, నడిమి గీతకి అంటుకున్నట్టు ఉంది.

"నాదింత చిన్నగా ఉందేం?"

"మీరు మైకుకి దూరంగా నిలబడ్డారమ్మా. అలవాటు కదా. ఏం ఫర్వాలేదు, నార్మలైజ్ చేస్తాను."

"అంటే?"

చెప్పాను. ఆ ముక్క మొత్తంలో అన్నిటికంటే ఎత్తైన గట్టు ఎక్కడుందో కంప్యూటరు వెతుకుతుంది. దాన్ని పైకప్పు దాకా లేపుతుంది. ఆ గట్టు ఎంత లేస్తే మిగతా గొంతంతా అదే లెక్కన లేస్తుంది. మెల్లగా పాడిన చోటు మెల్లగానే ఉంటుంది, గట్టిగా పాడిన చోటు గట్టిగానే ఉంటుంది, మొత్తం మాత్రం దగ్గరికొచ్చినట్టు వినిపిస్తుంది. అలా అందరి ముక్కలూ ఒక ఎత్తుకి తెచ్చాక కలుపుతాం.

బటను నొక్కాను. ఆమె ముక్క పెద్దగా లేవలేదు.

దగ్గరికి లాగి చూస్తే మధ్యలో సూదిలా ఒక గీత పైకి పొడుచుకుని ఉంది. వినిపించాను. గలగలమంది. పద్యంలో చెయ్యి ఎత్తినప్పుడు గాజులు మోగాయి. "ఇదీ కారణం. ఈ గాజుల చప్పుడు పైకప్పుని ముట్టుకుంది. దాంతో మీ గొంతుకి ఇంక లేవడానికి చోటు లేదు" అన్నాను. ఆ ఒక్క చప్పుడూ చెరిపేస్తే సరిపోతుంది, కాకపోతే అది సరిగ్గా ఒక మాట మీద పడింది, మళ్లీ పాడితే మంచిదని కూడా చెప్పాను.

ఆమె అక్కడే నిలబడి రెండు చేతుల గాజులూ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. మా ఓనరు కంగారుపడ్డాడు. "అమ్మా, అమ్మా, అన్నీ తీయమాకండి, రెండన్నా ఉంచుకోండి. మంచిది కాదు" అన్నాడు.

"ఎవరికి మంచిది కాదయ్యా?" అంది. "మా ఆయన చీరాల వైపు ఎవరితోనో ఉన్నాడు. ఉన్నాడో పోయాడో చెప్పే దిక్కు కూడా లేదు. వాడి కోసం ఇవి వేసుకుని నా పద్యం పాడుచేసుకోనా?"

బోసి చేతులతో లోపలికెళ్లి పాడింది. అడవిలో వదిలేసిన రాణి రాజుని తలుచుకుని పాడే పద్యం. మొదటి రెండు పాదాలు వాయిద్యాలు లేకుండా పాడాలి. ఆ రెండు పాదాలూ అంత మెల్లగా ఎత్తుకుంది, లోపల గోడల్లోని దూది కూడా వింటున్నట్టు అనిపించింది నాకు.

ఆ సాయంత్రం ఆమె ముక్కలన్నీ నార్మలైజ్ చేసి, షావుకారు ముక్కల పక్కన పేర్చి, హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టాను. రాజూ రాణీ ఒకరి తర్వాత ఒకరు వాదించుకునే సీను అది. ఆమె కళ్లు మూసుకోలేదు. తెర మీద కదులుతున్న గీతనే చూస్తూ కూర్చుంది. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, "మళ్లీ పెట్టు" అంది. మళ్లీ పెట్టాను. ఇన్నేళ్లలో ఆయన గొంతు కింద కాకుండా తన గొంతు తను వినడం ఆమెకి అదే మొదటిసారి. ఏమంటుందో అని చూస్తున్నాను. లేచి గాజులు కొంగున ముడేసుకుంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఇది ఆయనకి వినిపించమాక. నేరుగా సీడీ కొట్టించెయ్యండి" అంది.

వినిపించకుండా ఎలా కుదురుతుంది? ఆయన సీడీ అది. రెండు రోజులకి వచ్చాడు, తెల్ల లాల్చీ, సెంటు. మా ఓనరు కుర్చీ తుడిచి వేశాడు. ఆయన తన రాగాలకి తనే తలూపుతూ విన్నాడు. వాదన సీను వచ్చింది. తలూపడం ఆగింది.

"ఏందయ్యా ఇది? రాణి వచ్చి రాజు నెత్తినెక్కి కూర్చుంది?"

"లేదండి. ఇద్దరూ సమానంగా ఉన్నారు. కావాలంటే చూడండి" అని తెర చూపించాను.

"సమానం ఎవడడిగాడు?"

మా ఓనరు నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆమెది కొంచెం తగ్గించరా" అన్నాడు. తగ్గిస్తే ఆ మెల్లగా పాడే చోట్లు వినపడవని చెప్పాను. "వినపడకపోతే ఏం? కథ అందరికీ తెలిసిందేగా" అన్నాడు షావుకారు. నేను కుర్చీలోంచి లేచాను. అది పెద్ద ధైర్యమేం కాదు. నేను లేవగానే ఓనరు ఆ కుర్చీలో కూర్చున్నాడు, పని ఒక్క నిమిషం కూడా ఆగలేదు. షావుకారు చూపుడువేలితో కిందికి, ఇంకా కిందికి అని చూపిస్తుంటే, ఓనరు ఆమె గొంతుని దించుతూ పోయాడు. "ఆఁ, ఇప్పుడు నాటకంలా ఉంది" అన్నాక ఆపాడు. ఆ తర్వాత సీడీ కొట్టించడం, ఇంకో పని రావడం, కంప్యూటరులో చోటు చాలక పాత ముక్కలన్నీ చెరిపేయడం వరసగా జరిగిపోయాయి. నేను ఓ రోజు సెలవు పెట్టి వచ్చేసరికి చెరిపేశారు.

అట్టపెట్టెల్లో సీడీలు తీసుకుని నేనే కొట్టుకి వెళ్లాను. మిర్చి సీజను. కొట్టు ముందు ఎర్రగా రాశులు, టిక్కీ బస్తాలు మోసే హమాలీలు, ముక్కులకి తువ్వాళ్లు కట్టుకున్న రైతులు. మాట్లాడే ప్రతివాడూ మధ్యలో దగ్గుతున్నాడు. షావుకారు కాయ తెచ్చిన ప్రతి రైతుకీ ఒక సీడీ ఇస్తూ, ప్లేయరులో కూడా పెట్టించాడు. రాజు పద్యం మోగింది. రైతులు మెచ్చుకున్నారు. తర్వాత శబ్దం పోయినట్టయింది.

"ఏంది, ఆగిపోయిందా?" అన్నాడొక రైతు.

"ఆగలా. రాణి గొణుగుతుంది" అన్నాడు షావుకారు. నవ్వారు.

ఆమె వెనక షెడ్డులోంచి వచ్చింది. తలకి గుడ్డ, చేతుల నిండా మిరప పొట్టు. ప్లేయరు దగ్గరికెళ్లి చెవి పెట్టి వింది. అప్పుడు నన్ను చూసింది.

"అబ్బాయ్. నువ్వు వినిపించింది ఇట్టా లేదే?"

"లేదమ్మా. తర్వాత తగ్గించారు" అన్నాను.

షావుకారు ఆమె వైపు ఓపిగ్గా తిరిగాడు. "తగ్గించడం ఏం లేదమ్మా. నీ గొంతు మైకు పట్టలేదు. మిషనుకి మనమేం చెప్తాం?"

"మైకు పట్టలేదా? అయితే మైకు లేకుండా వినండి" అంది.

అక్కడే, ఆ రాశుల మధ్య నిలబడి, అడవి పద్యం ఎత్తుకుంది. ఎప్పటిలా మెల్లగా. కాటా వేసేవాడు రాయి చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. హమాలీ బస్తా భుజాన ఉండగానే నిలబడ్డాడు. షెడ్డులోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోడకి చేరారు. షావుకారు మొహంలో రంగు మారడం నేను చూశాను. మూడో పాదంలో గొంతు పైకి ఎత్తాలి. ఊపిరి నిండా పీల్చుకుంది. ఆ గాలి నిండా కారం ఉంది.

దగ్గు మొదలైంది. ఆపుకుని మళ్లీ ఎత్తుకుంది. ఈసారి మాట కూడా రాలేదు. ఒంగిపోయి, మోకాళ్లు పట్టుకుని దగ్గుతూనే ఉంది. ఆ దగ్గు ఆగేదాకా ఎవరూ కదల్లేదు. కదిలింది షావుకారే. స్వయంగా కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచుకొచ్చి ఇచ్చాడు.

"తాగమ్మా. ఇదిగో, ఇందుకే తగ్గించింది. నలుగురిలో నీ పరువు పోకూడదని" అన్నాడు. గొంతులో ఎంత జాలి పలికించాడో! నిజంగా మంచి నటుడాయన.

"పాపం, షావుకారు ఎంత నిదానస్తుడు" అన్నాడు ఇందాకటి రైతు, పక్కవాడితో.

నేను నోరు తెరిచి, పొద్దున నుంచీ మిరప దుమ్ములో కూర్చున్న మనిషి దగ్గకపోతే ఏం చేస్తుందని గట్టిగానే అన్నాను. వాళ్లందరూ పొద్దున నుంచీ దగ్గుతున్నవాళ్లే. అయినా నా మాట ఎవరికీ ఎక్కలేదు. అప్పటికే కాటా మళ్లీ మొదలైంది. ఆమె ఆ నీళ్లు తాగలేదు. గ్లాసు నేల మీద పెట్టి, షెడ్డులోకి వెళ్లి, తన చోట్లో కూర్చుని, ముచ్చికలు తీయడం మొదలుపెట్టింది. పిలిస్తే తలెత్తలేదు.

మర్నాటి నుంచి ఆమెను కొట్లోకి రావద్దన్నారని తర్వాత తెలిసింది. రాణి వేషానికి వేరే ఊరి నుంచి ఒక చిన్నమ్మాయిని తెచ్చారు. మిగతా నాటకాల వాళ్లు కూడా షావుకారుతో ఎందుకొచ్చిన గొడవని ఆమెను పిలవడం మానేశారు. నేనూ ఆ స్టూడియో వదిలేసి, పెళ్లి వీడియోలకి సౌండు చేసే పనిలో పడ్డాను.

ఆ తర్వాత ఒక్కసారి కనిపించింది, పెదకాకానిలో బస్సు కోసం నిలబడి. బాగా చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టి, "పెళ్లయిందా?" అని అడిగింది. పాటలు పాడుతున్నారా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది కాబోలు.

"ఆ రోజు నువ్వు నాకు వినిపించకపోతే బాగుండేదబ్బాయ్" అంది. "మైకుకి దూరంగా ఉన్నాను గాబట్టి ఇంతేనేమో అనుకుని బతికేదాన్ని. తెలీనంత కాలం బాగానే ఉన్నా." బస్సు వచ్చింది. ఎక్కింది. కిటికీలోంచి చూస్తుందేమో అనుకున్నాను, చూడలేదు.

ఓనరు ఫోను చేశాక, ఇంట్లో ఆ సీడీ వెతికి తీశాను. కంప్యూటరులోకి ఎక్కించి ఆమె గొంతు లేపడానికి ప్రయత్నించాను. కుదరలేదు. ఆమె కింద వాయిద్యాలున్నాయి, ఆయన గొంతుంది, ఏది లేపినా అన్నీ కలిసి లేచాయి. చివరికి అడవి పద్యంలో వాయిద్యాలు మొదలవక ముందున్న ఆ రెండు పాదాలు మాత్రం విడిగా కత్తిరించి నార్మలైజ్ చేశాను. లేచాయి. గొంతుతో పాటు ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. దాన్ని ఫోనులో వేసుకుని పర్చూరు వెళ్లాను.

కూతురు ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. బాగున్న ఇల్లే, ముందు గదిలో సోఫాలు. నేను ఎవరినో చెప్పి, ఒకటి తెచ్చాననగానే ఆ అమ్మాయి లోపలి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇక్కడ ఎవరికీ తెలీదండి" అంది చిన్నగా. "అమ్మ కూలికి పోయేదని చెప్పాం. అది చెప్పుకోవచ్చు. నాటకాల్లో వేసేదని తెలిస్తే మా అత్తగారు అమ్మని గడప తొక్కనిచ్చేది కాదు. మీరు ఎక్కడన్నా రాసినా చెప్పినా పేరు మాత్రం రానీయమాకండి."

సరేనన్నాను. లేవబోయాను. "ఏదో తెచ్చానన్నారుగా" అంది.

"అమ్మగారి గొంతు. రెండు పాదాలే ఉన్నాయి."

ఆ అమ్మాయి వాకిలి వైపు ఒకసారి, లోపలి తలుపు వైపు ఒకసారి చూసింది. "పెట్టండి" అంది. పెట్టాను. మొదటి మాట ఇంకా పూర్తి కాకముందే చెయ్యి అడ్డం పెట్టింది. "కొంచెం తగ్గించండి. మా అత్తగారు మెలకువగానే ఉంది."

తగ్గించాను. "ఇంకొంచెం" అంది. పూర్తిగా కిందికి, ఇంక ఒక్క గీత మిగిలేదాకా తగ్గించి ఫోను చేతికిచ్చాను. ఆ అమ్మాయి దాన్ని చెవికి అదిమిపెట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడింది. నేను కూర్చున్న చోటికి ఏమీ వినిపించలేదు.